మానెడు తవుడు

రొంపిచెర్ల,
12-9-86.

మా రత్నానికి, మీ అమ్మ వసారాలో నులకమంచం మీద కూచుని రాసేది.

ఇక్కడ మనుషులం, గొడ్లు, అందరం తిన్నది అరిగించుకుంటా బాగానే ఉన్నాం. మీ నాయనకి మోకాలి నెప్పి తగ్గలా, నోరు మాత్రం బాగానే పని చేస్తంది. వినాయక చవితి వానలు వెనకబట్టినయ్యి. పత్తి నడుం దాకా లేచింది. కలుపు అయిపోయింది, తీతకి ఇంకా టైముంది. ఏడాది మొత్తంలో నేను కాళ్ళు చాపుకునే రోజులంటే ఇయ్యే. పొద్దున పూట ఎండ కూడా మర్యాదగా ఉంటంది.

నువ్వు ఉత్తరం విప్పేది మీ నాయన మోకాలు కోసం కాదని నాకు తెలుసులే. పిచ్చమ్మ సంగతి రాస్తా.

కొండ సీతాఫలాలు ఒక గంపెడు కొని బియ్యపు కుండలో పెట్టా. ఇది లేవటం లేవటమే, ముఖం కూడా కడక్కుండా, కుండలో చెయ్యి పెట్టి ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కుద్ది. నొక్కిన చోటల్లా నల్లబడి కూచుంది. "ఏమే, పండుని పండనియ్యవా?" అంటే, "పండుకున్నయ్యి గదా, లేపుతున్నా" అంటది. దీని దుంప తెగ, ఆ మాటలు ఎక్కడ నేర్చిందో. తినేటప్పుడు గింజలన్నీ మీ నాయన దోసిట్లోనే ఊసిద్ది. జన్మలో నాకు గ్లాసుడు మంచినీళ్ళు అందియ్యని మనిషి, దోసిలి పట్టుకుని గంట కూచున్నాడు.

మధ్యాహ్నం పడుకోబెడితే నా చెవి తమ్మె పట్టుకుంటే గాని నిద్రపోదు. వదిలిచ్చుకుని లేద్దామంటే ఇంకా గట్టిగా పట్టుకునిద్ది. నేనూ లేవను. ఈ రోజుల్లో లేచి చెయ్యాల్సింది ఏముంది చెప్పు.

"అక్క ఉత్తరం రాసిందా?" అని నిన్న అడిగింది. రాసిందే అన్నా.

ఈ నాగుల చవితికి వచ్చి పిల్లని తీసుకుపోతానని రాశావు. ఆ సంగతే శివరామయ్య పంతుల్ని మొన్న చవితి రోజు అడిగా. ఐదు నిండితే చాలదంట రత్నం. ఆరు నిండాలంట. ఈ కార్తీకంలో దానికి గండం కనపడతంది, కదిలిస్తే మంచిది కాదన్నాడు. ఆ మాటలన్నీ నేను రాయలేకపోతున్నా. ఐదేళ్ళు ఆగిన దానివి, ఇంకో ఏడాది ఎంతసేపు.

అల్లుణ్ణి రాళ్ళ దుమ్ములో ఎక్కువసేపు ఉండొద్దను. సాయంత్రం బెల్లం ముక్క పెట్టు.

మీ అమ్మ
నాగులమ్మ


మాచర్ల,
21-9-86.

అమ్మకి, రత్నం రాసేది.

నీ ఉత్తరం అందింది. సీతాఫలాల దాకా నవ్వుకుంటా చదివా. ఆ తర్వాత నవ్వు ఎటు పోయిందో నాకే తెలియదు. మీ అల్లుడు నాపరాళ్ళ మిషను దగ్గర్నుంచి ఒళ్ళంతా తెల్లగా వచ్చాడు. చదివి వినిపిచ్చా. మొహం కడుక్కొస్తానని కుళాయి దగ్గరికి పోయి, అక్కడే చానాసేపు ఉండిపోయాడు.

ఏడాది అంటే నీకు ఎంతసేపో అమ్మా. నేను ఈ నాగుల చవితి కోసం ఎండాకాలం నుంచి ఒక్కొక్కటే కూడబెట్టుకుంటున్నా. చిలకాకుపచ్చ లంగా కుట్టిచ్చా, ఎదిగే పిల్ల గదా అని అంచు రెండు వేళ్ళు లోపలికి మడిపిచ్చా. పలక కొన్నా. చిన్న స్టీలు కంచం మీద పేరు కొట్టిచ్చా, హేమలత అని. ఇంటికి తెచ్చుకున్నాక పెట్టుకుందామని ఐదేళ్ళ నుంచి దాచుకున్న పేరు అది. పొరపాటున కూడా పైకి అనలా, నువ్వు వద్దన్నావని.

నువ్వు చెప్పింది దేనికీ నేను కాదనలా. గుర్తు చేసుకో. మొదటి పిల్లోడు తొమ్మిదో రోజు పోయాడు. రెండోవాడు మూడో నెలలో పోయాడు. ఇది పుట్టగానే నువ్వే అన్నావు, నీ కడుపున పుట్టింది నీ పేరు మీద ఉంటే బతకదే, అమ్మేద్దాం అని. పదకొండో రోజు దాన్ని చేటలో పడుకోబెట్టి మన పెంట మీద పెట్టాం. తవుడు మూడో ఇంటిదై ఉండాలన్నావు, పక్కింటి హజ్రా బీ అత్త వాళ్ళింట్లోంచి మానెడు తెచ్చింది. నువ్వు ఆ తవుడు నా కొంగులో పోసి పిల్లని కొనుక్కున్నావు. ముక్కు కుట్టిచ్చి పిచ్చమ్మ అన్నావు. ఈ బిడ్డ నాది కాదు అని నన్ను మూడుసార్లు అనమన్నావు. రెండుసార్లు అన్నా. మూడోసారి అనకపోతే నెత్తిన మొట్టి అనిపిచ్చావు. ఆ తవుడు కుడితిలో కలిపి బర్రెకి పెడితే గాని బేరం తెగదన్నావు. అదీ నా చేతనే పెట్టిచ్చావు. అది మూతి ముంచి తాగుతుంటే నేను పచ్చి బాలెంతని, గోడ పట్టుకుని చూస్తా నిలబడ్డా.

నిన్ను అమ్మా అని, నాయన్ని నాయనా అని, నన్ను అక్కా అని, కన్నతండ్రిని బావా అని పిలవాలన్నావు. పిలవనిచ్చాం. ఏడాదికి రెండుసార్లకు మించి వస్తే దిష్టి అన్నావు. రెండుసార్లే వచ్చాం. ఐదు నిండిన కార్తీకంలో తవుడు తిరిగిచ్చి తెచ్చుకోవాలని చెప్పింది కూడా నువ్వే గదా. ఇప్పుడు ఆరంటావేందే?

నాకు భయంగానే ఉంది. గండం అన్న మాట చదివాక అన్నం సయించటంలా. అందుకే అడుగుతున్నా. ఇంకోసారి పంతుల్ని కనుక్కో. శాంతి ఏదన్నా ఉంటే చేపిద్దాం, ఏ గుడికి నడవమన్నా నడుస్తా. నా చెవి కూడా ఒక చెవేనని, దాన్ని కూడా పట్టుకుని నిద్రపోవచ్చని ఆ పంతులికి చెప్పు.

రత్నం


రొంపిచెర్ల,
2-10-86.

సుబ్బరత్నానికి నాగులమ్మ రాసేది.

నీ మాట కాదనలేక పంతుల్ని ఇంకోసారి అడిగా. అరుగు మీద కూచోబెట్టి, పంచాంగం విప్పి చూపిచ్చాడు. అదే మాట. శాంతులతో పోయేది కాదన్నాడు. ఇంక నన్ను ఆయన గడప ఎక్కమనమాక, నాకు సిగ్గుగా ఉంది.

నాకు తెలిసినంత పిల్లల పెంపకం నీకు తెలుసా? ఎప్పుడన్నా చేశావా? రెండేళ్ళ కింద దీనికి కోరింత దగ్గొచ్చినప్పుడు ఇరవై రోజులు భుజం మీదే మోశా. అది దగ్గితే నా పక్కటెముకలు కదిలేయి. అప్పుడు నువ్వు యాడున్నావు? నేనే రావొద్దన్నాను, నిజమే. వచ్చి ఏం చేసేదానివి, ఏడ్చేదానివి.

దసరాకి వస్తానన్నావు, వద్దు. ఎండాకాలం నువ్వొచ్చి పోయినాక మూడు రోజులు జరంతో కాలింది. నీకు చెప్పకూడదనుకున్నా. నీ చూపు అట్టాంటిదో, నీ తలరాత అట్టాంటిదో. నీ మంచికే చెప్తున్నా.

ఇక్కడ దానికి దేనికీ లోటు లేదు. సజ్జ కంకులు కాలుస్తున్నాం. మీ నాయన అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది, వేడివేడిగా దాని గుప్పిట్లో పోస్తాడు. మూతంతా మసి. ఆ మూతితోనే నా బుగ్గ మీద ముద్దు పెట్టి, "నీకు మీసం వచ్చింది" అని పడీపడీ నవ్వింది. అద్దంలో చూసుకుంటే నిజంగానే మీసం. నాకు యాభై ఏళ్ళొచ్చినయ్యి, ఇంతగా ఎప్పుడు నవ్వానో గుర్తులేదు.

బడి బడి అని రాశావు. మాచర్లలోనే ఉందా బడి? ఇక్కడ అబ్రహాము మాస్టారు మంచోడు, పోయిన నెలలోనే కూచోబెట్టాడు. పిచ్చమ్మ అనే రాయిచ్చా. తండ్రి బక్కయ్య, తల్లి నాగులమ్మ. ఆ మనిషి ఎక్కువ అడగలా, నేనూ ఎక్కువ చెప్పలా. కొనుక్కున్నది నేనే గదా, తప్పేముంది.

స్టీలు కంచం దాచిపెట్టుకో, ఎటూ పోదు.

నాగులమ్మ


మాచర్ల,
15-10-86.

నాగులమ్మ గారికి, కొంగులో తవుడు పట్టిన సుబ్బరత్నం రాసేది.

దసరా రోజు హజ్రా బీ అత్త మా ఇంటికొచ్చింది. వాళ్ళ కూతురు అక్తర్ బేగం కాపరం ఇక్కడేగా, కాన్పుకి సాయం వచ్చిందంట. నాకు పచ్చి శనక్కాయలు మూటగట్టుకుని తెచ్చింది. కూచోబెట్టి టీ ఇచ్చా. ఆమె అడిగిన మొదటి మాట, "ఏం బేటీ, నాగుల చవితికి పిల్లని తెచ్చుకుంటున్నావుగా?" అని.

"లేదత్తా, శివరామయ్య పంతులు వద్దన్నాడంట, ఆరు నిండాలంట" అన్నా.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఎప్పుడన్నాడు?" అంది.

"వినాయక చవితికి ఒకసారి, మొన్న ఇంకోసారి."

"అయ్యో బేటీ, ఆయన శ్రావణంలోనే పోయాడు గదా. మీ నాయన కూడా కాటి దాకా పోయొచ్చాడు. పెద్దకర్మ కూడా అయిపోయింది" అంది.

ఏ అరుగు మీద కూచోబెట్టాడే నిన్ను? ఏ పంచాంగం విప్పాడు? చచ్చిపోయిన బ్రాహ్మడు లేచొచ్చి నా కూతురికి గండం చెప్పాడా? ఆయన లేడని నాకు తెలియకూడదని, మా ఊరు దూరమని, నేను రాననే ధైర్యంతోనే గదా రాశావు?

ఎండాకాలం జరం సంగతి కూడా అడిగా. అడక్కుండా ఉంటే బాగుండేది. "జరమా? నువ్వు బస్సెక్కి పోయినాక మూడు రోజులూ మా మనవళ్ళతో మా వాకిట్లోనే గంతులేసిందే, మా కోడిపెట్టని తరిమి తరిమి చంపినంత పని చేసింది" అంది. ఆమె నవ్వుతా చెప్పింది. నేను టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి పోయా.

ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న దాన్ని. నా చూపు మంచిది కాదు అంటే నమ్మకుండా ఎట్టా ఉంటా? నీ ఉత్తరం వచ్చిన కాడ్నించి అద్దంలో చూసుకుని నా కళ్ళని నేనే తిట్టుకుంటున్నా. మా వీధిలో ఎవరి పిల్లలు ఎదురొచ్చినా తల తిప్పుకుని పోతున్నా. కన్నతల్లివి, నా మీద నువ్వే ఆ మాట ఎట్టా వేశావే? చెయ్యెట్టా వచ్చింది?

బళ్ళో తల్లి పేరు నీది రాయిచ్చుకున్నావు. అది చదివి మీ అల్లుడు, "మనం బతికే ఉన్నాంగా?" అని అడిగాడు.

నాగుల చవితికి వస్తున్నా. తవుడు అక్తర్ బేగం వాళ్ళింటి నుంచి తెస్తా, మూడో ఇంటిదే. నువ్వు ఏ మాటలైతే నా చేత అనిపిచ్చావో, ఆ మాటలు మూడుసార్లు నీ నోటితో అను. అంతకంటే నాకేం వద్దు.

సుబ్బరత్నం


రొంపిచెర్ల,
20-10-86,
అట్లతద్ది.

తల్లీ రత్నం,

అబద్ధమే ఆడా. చచ్చిపోయిన మనిషి నోట్లో నా మాటలు పెట్టా. రాసిన రోజు భయం వేసింది, రెండోసారి రాసేటప్పుడు భయం కూడా వెయ్యలా. నీ చూపు మీద వేసిన మాటకి నా నాలిక కోసినా పాపం పోదు. నీకు కోపం రాకపోతే నువ్వు మనిషివే కావు.

ఎందుకు చేశానో చెప్తా. మీ నాయనకి కూడా ఇంతవరకు చెప్పలా.

నిన్ను కని పదిహేను రోజులు కాలేదు, మీ నాయనమ్మ మిరపతోటలోకి దింపింది. గట్టు మీద తుమ్మ కొమ్మకి పాత చీరెతో జోలె కట్టి నిన్ను అందులో వేసేదాన్ని. నువ్వు ఏడిస్తే నాలుగు సాళ్ళ అవతల నుంచి వినపడేది. పాలు చేపుకొచ్చి రవిక తడిచేది, సాలు వదిలి రానిచ్చేవాళ్ళు కాదు. మీ నాయనమ్మ చెప్పిందని నల్లమందు ఆవగింజంత నా వేలికి రాసుకుని నీకు నాకిచ్చేదాన్ని, పడి ఉంటావని. నువ్వు ఎప్పుడు బోర్లాపడ్డావో నేను చూళ్ళా. ఎప్పుడు నడిచావో ఎవరో వచ్చి చెప్తే విన్నా. నిన్ను కన్నా, అంతే. పెంచటం అనేది నాకు తెలియదు. పెంపకం నీకు తెలుసా అని రాశా చూడు, ఆ మాట నాకే చెల్లుద్ది.

ఇది బోర్లాపడటం చూశా. మొదటి పన్ను నా వేలికి తగిలింది. దీని మొదటి అడుగు వసారాలో స్తంభం దగ్గర్నుంచి మంచం దాకా, నేను లెక్కపెట్టా, ఏడు అడుగులు. ముసలితనంలో ఇంత సంతోషం ఉంటదని నాకు ఎవరూ చెప్పలా. ఊరికే కూచుని ఒక పిల్ల తినేది చూస్తా ఉండటం, అంతకంటే ఏం లేదు, దానికోసం ఇంత పాపం చేశా. బళ్ళో తల్లి పేరు మాస్టారు అడిగితే ఒక్క క్షణం ఆగా. ఆ తర్వాత నా పేరు చెప్పా. చెప్తుంటే నోరు తియ్యగా ఉంది. ఇప్పుడు నువ్వు ఏమనుకున్నా సరే, నిజం చెప్తున్నా.

ఇవాళ అట్లతద్ది. నిన్న గోరింటాకు పెట్టా, చేతులు ఎర్రగా పండినయ్యి. పదకొండు అట్లు పోసి వాయనం ఇచ్చా, ఇది అందులో రెండు దొంగతనం చేసి తింది. వసారా దూలానికి ఉయ్యాల వేశాడు మీ నాయన. "అమ్మా, చూడు, ఇటు చూడు" అని అరుస్తంది. ప్రతి ఊపుకీ చూడాలంట. ఈ ఉత్తరం అందుకే వంకర టింకరగా ఉంది.

రత్నం, తప్పు నాదే, తిట్టు, కొట్టు. మాఘమాసం దాకా ఉంచవే. పోనీ ఈ పత్తి తీత అయిందాకా. చేలో పని మొదలైతే నాకు కొంచెం మరుపుగా ఉంటది. కార్తీకంలో, ఇంత ఖాళీగా ఉన్నప్పుడు తీసుకుపోతే నేను ఆ వసారాలో ఎట్టా కూచోవాలి?

అమ్మ


మాచర్ల,
28-10-86.

అమ్మా,

నీ ఉత్తరం చదివి ఏడ్చా. జోలెలో ఉన్నది నేనే గదా. నాకు గుర్తు లేకపోయినా ఒళ్ళు గుర్తు పట్టినట్టుంది.

కానీ ఒకటి చెప్పు. నాకు పెట్టని ముద్దలు దానికి పెట్టుకున్నావు, బాగానే ఉంది. అయితే ఆ కంచం నా ముందు నుంచే ఎందుకు లాగావు? నీకు దక్కనియ్యంది మీ అత్త. తీసుకున్నది నా దగ్గర్నించి.

మాఘం దాకా ఆగితే నువ్వు ఫాల్గుణం అంటావు. నాకు తెలుసు, నీ స్థానంలో ఉంటే నేనూ అంటా. అందుకని ఆగను. నాగుల చవితి పొద్దున నరసరావుపేటలో దిగి, మొదటి బస్సుకి వస్తాం.

దాని బట్టలు మూట గట్టి ఉంచు. అక్కతో ఊరికి పోతున్నావని మాత్రం చెప్పమాక, అమ్మతో అని చెప్పు.

రత్నం


రొంపిచెర్ల,
16-11-86.

తల్లీ,

మీరు పోయి పది రోజులు దాటింది. పిల్ల క్షేమం రాయలా. నాకు రాయకూడదనుకున్నావో, రాసే తీరిక లేదో.

ఆ రోజు సంగతి నీ మనసులో ముల్లులాగా ఉండి ఉంటది. పుట్టలో పాలు పోసి వచ్చాక నువ్వు నా కొంగులో తవుడు పోశావు. ఈ బిడ్డ నాది కాదు అని రెండుసార్లు అన్నా. మూడోసారి అనలా. నువ్వు నా మొహం వంకే చూస్తా నిలబడ్డావు. నెత్తిన మొడతావేమో అనుకున్నా, మొట్టలా. బస్సు టైము అయిందని అల్లుడు తొందర పెట్టాడు. అది అతని భుజం మీద నుంచి, "అమ్మా, బావ నన్ను ఎత్తుకుపోతున్నాడు" అని కేకలు పెడతా పోయింది. వీధి వీధంతా తలుపుల్లోకి వచ్చింది. మీ నాయన దొడ్లోకి పోయి, ఎప్పుడూ లేంది, గొడ్ల కింద పేడ ఎత్తాడు.

ఆ తవుడు చేటలోనే ఉంచా. వసారాలో, ఉయ్యాల తాళ్ళ కింద. బర్రెకి పెట్టలా. అది తింటే గాని బేరం తెగదని నీకు చెప్పింది నేనేగా. పెట్టకపోతే తెగనట్టే గదా అనుకున్నా. మీ నాయన రోజూ దాని పక్క నుంచే నడిచి పోయాడు.

నిన్న హజ్రా బీ వచ్చి పిల్లకి జరం వచ్చిందంట, అక్తర్ బేగం రాసిందని చెప్పింది. ఈ కబురు నీ చేతి మీదగా రాలా. ఎందుకు రాలేదో నాకు తెలుసు. మూడో మాట అనలేదని, తవుడు పెట్టలేదని నువ్వు అక్కడ వణికిపోతా ఉంటావు. నేను ఇంతకు ముందు లేని జరాన్ని పుట్టిచ్చాను, ఇప్పుడు నిజం జరమే వచ్చింది.

హజ్రా బీ గడప దిగకముందే తవుడు కుడితిలో కలిపా. బర్రె ముందు పెట్టా. నువ్వు నిలబడ్డ చోటే, ఆ గోడ పట్టుకునే నిలబడ్డా. తాగింది. అడుగున ఉన్నది కూడా నాకింది. దానికేం తెలుసు.

మూడోది ఇందులో రాస్తున్నా. నెత్తిన మొట్టే వాళ్ళు లేకుండానే రాస్తున్నా. ఈ బిడ్డ నాది కాదు.

ఇంక భయపడమాక. మందు ఇప్పిచ్చు. కళ్ళు మూసుకునేటప్పుడు చెవి కోసం చెయ్యి చాపిద్ది, నీ కమ్మలు గుచ్చుకుంటయ్యి, తీసెయ్యి. మొన్న మళ్ళీ కొని కుండలో పెట్టిన సీతాఫలాలు గంపలో సర్ది హజ్రా బీ మనవడితో పంపిస్తున్నా. నొక్కనియ్యి, పాడైనా తిట్టమాక.

వచ్చే ఆదివారం మీ నాయన, నేను వచ్చి చూసి సాయంత్రం బండికే తిరిగొస్తాం. ఒక్క పూటేలే.

అమ్మమ్మ నాగులమ్మ


మాచర్ల,
20-11-86.

అమ్మా,

జరం తగ్గింది. నీ ఉత్తరం వచ్చిన రోజుకే తగ్గింది. మూడో మాట చదివి, ఎన్నాళ్ళ నుంచో బిగబట్టుకున్న ఊపిరి వదిలా. దాన్ని రాయటానికి నీకు ఏమైందో నాకు తెలుసు, నేనూ అన్నదాన్నే గదా.

హేమలతా అని పిలిస్తే పలకటంలా. వాళ్ళ నాయన్ని "బావా, మా ఊరు ఎప్పుడు పోదాం?" అని రోజూ అడిగిద్ది. ఆయన పొద్దున్నే మిషను దగ్గరికి పోతున్నాడు, రాళ్ళయితే ఏమీ అడగవు. కమ్మలు తీసేశా. మధ్యాహ్నం నా చెవి పట్టుకుని కాసేపు తడిమి చూసింది. వదిలేసి అటు తిరిగి పడుకుంది. కంచంలో అన్నం పెడితే తినిద్ది. చెప్పిన మాట వినిద్ది. పరాయి ఇంటికి చుట్టం చూపుగా వచ్చిన పిల్లలాగా, చానా బుద్ధిగా ఉంటంది.

ఇంక సీతాఫలాలు పంపమాక. గంప రాగానే పళ్ళు తియ్యలా, తలకాయ అందులో పెట్టి వాసన చూసింది. ఖాళీ గంపని కూడా పక్కలో పెట్టుకుంది.

నేను చేసింది కూడా రాస్తా, నువ్వు ఒక్కదానివే పాపిష్టిదానివని అనుకోమాక. మొన్న, "అమ్మ ఎందుకు రావటంలా?" అని నా చీరె పట్టుకుని గుంజింది. "శివరామయ్య పంతులు వద్దన్నాడే" అన్నా. నోట్లోంచి వచ్చాక గానీ ఏమన్నానో తెలియలా. అది నమ్మింది. ఇంక అడగలా.

నిన్న కుళాయి దగ్గర పాచి మీద జారి పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం. "అమ్మా" అని అరిచింది. నేను చేతిలో బిందె పడేసి పరిగెత్తుకుంటా పోయి ఎదురుగా కూలబడ్డా, రెండు చేతులూ చాపా. అది నన్ను చూసింది. చూసి, నా భుజం మీదగా వీధి వంక చూసింది. వీధి చివర దాకా చూసి అప్పుడు ఏడుపు మొదలుపెట్టింది. నేను ఎత్తుకున్నా. ఎత్తుకోనిచ్చింది గానీ ఏడుపు ఆపలా.

ఆదివారం రామాకే అమ్మా. నాయన్ని కూడా పంపమాక. నువ్వు గుమ్మంలో కనపడితే చాలు, దాని ఏడుపు ఆగిపోయిద్ది. ఆ ఏడుపు నా దగ్గర ఆగిందాకా నువ్వు రామాక.

రత్నం